అమ్మకి కీమో నడుస్తోంది: ఏ ఇబ్బంది మామూలు, దేనికి వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి?

పెందుర్తి_అబ్బాయి:

అందరికీ నమస్కారం. మాది పెందుర్తి దగ్గర. అమ్మకి 56 ఏళ్ళు, షుగర్ ఉంది. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యింది, తర్వాత అందరూ ఎర్ర మందు అంటారే, ఆ డాక్సోరుబిసిన్ డోసులు అయిపోయాయి, ఇప్పుడు వారం వారం పాక్లిటాక్సెల్ ఎక్కిస్తున్నారు. వైద్యం బాగానే జరుగుతోంది, డాక్టర్ మంచివారే, కానీ ఓపీలో జనం ఎంత ఉంటారో మీకు తెలుసు, మా వంతు వచ్చేసరికి రిపోర్టు చూసి "ఓకే, ఈ వారం ఇచ్చేద్దాం" అనడమే తప్ప కూర్చోబెట్టి చెప్పే తీరిక ఎవరికీ ఉండట్లేదు. చేతికి ఒక కాగితం ఇచ్చారు, అది మొత్తం ఇంగ్లీషులో ఉంది, అమ్మ చదవలేదు.

అసలు సమస్య ఏంటంటే అమ్మ ఏమీ చెప్పదు. ఎప్పుడు అడిగినా "ఏటీ లేదురా, బాగానే ఉన్నాను" అంటుంది. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతోందని మొన్న మా చెల్లి గమనించి గట్టిగా అడిగితే అప్పుడు బయటపెట్టింది, వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయట, అరికాళ్ళకి నేల సరిగ్గా తెలియట్లేదట, కొన్ని వారాలుగా ఇదే పరిస్థితట. డాక్టర్‌కి ఎందుకు చెప్పలేదంటే "చెబితే మందు ఆపేస్తారు, ఆపేస్తే రోగం తిరగబెడుతుంది" అని భయం. ఎర్ర మందు రోజుల్లో కూడా ఒక రాత్రి ఒళ్ళు కాలిపోతే జ్వరం బిళ్ళ వేసుకుని పడుకుందట, మాకు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మాటల్లో బయటికొచ్చింది. విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టట్లేదు.

అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి. జ్వరం ఎంత ఉంటే భయపడాలి? ఈ తిమ్మిర్లకి మందు ఆపేస్తారా? కీమో అయిన రోజు షుగర్ 300 దాటిపోతోంది, అది ఎందుకు? తిండి విషయంలో తలా ఒకటి చెబుతున్నారు, పెరుగు వద్దని ఒకరు, పండ్లు వద్దని ఇంకొకరు, మాంసం అసలు ముట్టొద్దని మా పెద్దమ్మ. ఏది నమ్మాలి?

డేకేర్_సిస్టర్:

నేను కీమో వార్డులో నర్సుగా చేస్తున్నాను, ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం. ముందు జ్వరం సంగతి చెప్తాను బాబూ, ఎందుకంటే మిగతావన్నీ రేపు మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఆగదు.

కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మూలుగలో తెల్లకణాలు తయారయ్యే చోటుని కూడా దెబ్బతీస్తుంది. మూడు వారాలకోసారి ఇచ్చే ఎర్ర మందు లాంటివాటిలో, మందు ఎక్కించిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్యలో తెల్లకణాలు బాగా పడిపోతాయి, మళ్ళీ తర్వాతి డోసుకి లేస్తాయి. వారం వారం ఇచ్చే పాక్లిటాక్సెల్‌లో ఈ ప్రమాదం తక్కువే గానీ లేకపోలేదు. ఆ రోజుల్లో మామూలు సూక్ష్మజీవి కూడా గంటల్లో రక్తంలోకి పాకిపోతుంది. తెల్లకణాలు లేనప్పుడు చీము కట్టదు, వాపు సరిగ్గా రాదు, అంటే లోపల ఇన్ఫెక్షన్ ఉందని చెప్పే గుర్తు చాలాసార్లు జ్వరం ఒక్కటే. అందుకే ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఉండాలి. 100.4 ఫారన్‌హీట్ చూపించిందంటే అర్ధరాత్రి అయినా ఫోన్ చేసి బయలుదేరడమే. చంకలో పెడితే నోట్లో కన్నా కాస్త తక్కువ చూపిస్తుంది, అది లెక్కలో పెట్టుకోండి. జ్వరం లేకపోయినా వణుకు, చలి, మాట తడబడటం, ఒక్కసారిగా నీరసంతో కూలబడటం ఉంటే అదీ అంతే. స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు జ్వరం పైకి కనిపించకపోవచ్చు కూడా.

చూడకుండా జ్వరం బిళ్ళ వేయకండి. బిళ్ళ వేస్తే టెంపరేచర్ దిగుతుంది, ఇన్ఫెక్షన్ దిగదు, లోపల పెరుగుతూనే ఉంటుంది. ఇంకొకటి, మన ఊళ్ళల్లో జ్వరం అనగానే పక్కవీధి ఆర్ఎంపీని పిలిచి తుంటికి ఇంజెక్షన్ చేయించేస్తారు. కీమో మనిషికి అది వద్దే వద్దు. తెల్లకణాలతో పాటు రక్తం కారకుండా ఆపే ప్లేట్‌లెట్లు కూడా తక్కువ ఉంటే సూది గుచ్చిన చోట లోపల రక్తం కారి గడ్డలా చేరుతుంది, ఆ గడ్డకే ఇన్ఫెక్షన్ పడుతుంది.

మీ ఆసుపత్రి దూరమైతే దగ్గర్లో ఉన్న పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీకే వెళ్ళండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి, కానీ లోపలికి వెళ్ళగానే మొదటి మాట "మా అమ్మకి కీమో నడుస్తోంది, చివరి డోసు ఫలానా తేదీన ఇచ్చారు, ఇప్పుడు జ్వరం" అని ఉండాలి. జ్వరం అని ఊరుకుంటే మామూలు లైన్లో కూర్చోబెట్టేస్తారు. ఇలాంటి పేషెంట్‌కి వచ్చిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలన్నది మేం పెట్టుకునే లక్ష్యం, రక్తపరీక్ష రిపోర్టు కోసం కూడా ఆగం. డిశ్చార్జ్ సమ్మరీ, చివరి సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టు ఒక కవర్లో పెట్టి తలుపు పక్కనే ఉంచండి, ఫోన్లో ఫోటో కూడా తీసి పెట్టుకోండి.

షుగర్ గురించి: కీమోకి ముందు అలెర్జీ రాకుండా, వాంతులు కాకుండా డెక్సామెథసోన్ అని స్టెరాయిడ్ ఇస్తారు. అది షుగర్‌ని పైకి లేపేస్తుంది, ఆ రాత్రి నిద్ర కూడా పట్టనివ్వదు, మొహం ఎర్రబడుతుంది. అమ్మ తిన్నది ఎక్కువైందని తిట్టకండి. ఆ రెండు మూడు రోజుల రీడింగులు కాగితం మీద రాసి చూపిస్తే షుగర్ మందు ఆ రోజుల వరకు సర్దుబాటు చేస్తారు.

గాజువాక_అక్క:

తమ్ముడూ, నేను ఇదే దారిలో నడిచి వచ్చాను, ఇవే మందులు, అగనంపూడి టాటా వాళ్ళ క్యాన్సర్ ఆసుపత్రిలో. అందుకే అమ్మ మనసు నాకు బాగా అర్థమవుతోంది. నొప్పి చెప్పకపోవడం అంటే మొండితనం కాదు. ఇప్పటికే అందరినీ ఇబ్బంది పెడుతున్నాను, కొడుకు సెలవులు పెడుతున్నాడు, కూతురు అత్తవారిల్లు వదిలి వచ్చింది, ఇంకా నేను ఇది కూడా చెప్పాలా అని లోపల నలిగిపోతుంటాం. దానికి తోడు మందు ఆపేస్తారన్న భయం. నాతో పాటు సెలైన్ పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళలో చాలామంది ఇదే చేసేవారు, డాక్టర్ ముందు నవ్వేవారు, బయటికి వచ్చాక చెప్పుకునేవారు.

అమ్మకి ఇలా చెప్పండి. పాక్లిటాక్సెల్‌కి తిమ్మిర్లు రావడం డాక్టర్లకి కొత్త కాదు, వాళ్ళ దగ్గర చాలా దారులు ఉంటాయి. డోసు కొంచెం తగ్గించొచ్చు, ఒక వారం ఆగి ఇవ్వొచ్చు, అవసరమైతే అదే జాతిలో ఇంకో మందుకి మార్చొచ్చు. దాచిపెట్టి పూర్తి డోసు ఎక్కించుకుంటూ పోతేనే నరం బాగా దెబ్బతిని, చివరికి నిజంగానే మందు ఆపేయాల్సిన పరిస్థితి వస్తుంది. మందు అయిపోయాక చాలామందికి నెమ్మదిగా నెలల మీద తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది, నాకు ఇప్పటికీ కాలి బొటనవేళ్ళు చల్లగా మొద్దుగానే ఉంటాయి. అందుకే ముందే చెప్పడం ముఖ్యం అంటున్నాను.

"తిమ్మిర్లు ఉన్నాయి" అని మాత్రం చెబితే సరిపోదు, డాక్టర్‌కి పని రూపంలో చెప్పాలి. హుక్కు పెట్టుకోలేకపోతోంది, చిల్లర లెక్కపెట్టలేకపోతోంది, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియట్లేదు, రాత్రి బాత్రూమ్‌కి వెళ్తూ గోడ పట్టుకుంటోంది. ఇలా చెబితే ఎంత తీవ్రంగా ఉందో వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. మంట, నొప్పి కూడా ఉంటే డ్యులాక్సెటిన్ అనే మందు ఉంది, కొందరికి పనిచేస్తుంది, షుగర్ మందులతో, మిగతావాటితో కుదురుతుందో లేదో చూసి డాక్టరే ఇవ్వాలి. మందుల షాపులో "నరాల బిళ్ళలు" అని మీ అంతట మీరు కొనకండి. వాటిలో కొన్నిట్లో అసిటైల్ ఎల్ కార్నిటిన్ అనే పదార్థం కలుపుతారు, పాక్లిటాక్సెల్ లాంటి మందులు తీసుకునేవాళ్ళలో అది తిమ్మిర్లని తగ్గించకపోగా పెంచిందని పరీక్షల్లో తేలింది. సీసా వెనకాల చదివి చూడండి.

ఇంట్లో ముందు కత్తిపీట తీసి అటక మీద పెట్టేయండి. వేళ్ళకి స్పర్శ లేనప్పుడు తెగినా తెలియదు, తెల్లకణాలు తక్కువ ఉన్నప్పుడు ఆ చిన్న గాయమే పెద్దదవుతుంది. వేడి గిన్నె ఒట్టి చేత్తో దించనివ్వకండి, స్నానం నీళ్ళు వేళ్ళతో కాకుండా మోచేత్తో తాకి చూసుకోమనండి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవాలి, వెనకాల పట్టీ ఉన్నవి అయితే జారవు. షుగర్ ఉంది కాబట్టి రోజూ రాత్రి అరికాళ్ళు మీరే పట్టుకుని చూడండి, అమ్మ వద్దంటుంది, అయినా చూడండి.

తిండి గురించి నా అనుభవం చెప్తాను. మాంసం, గుడ్డు మానేయమని అందరూ అంటారు, కానీ శరీరం మళ్ళీ కట్టుకోవాలంటే మాంసకృత్తులు కావాలి. బాగా ఉడికిన గుడ్డు, చేప పులుసు, పప్పు, పెసరట్టు, ఏది లోపలికి పోతే అది. పెరుగు మా ఇంట్లో కాచిన పాలతో తోడుపెట్టినదే తిన్నాను, తెల్లకణాలు బాగా పడిన వారం మాత్రం మీ ఆసుపత్రి వాళ్ళు వద్దంటే మానేయండి. పండు శుభ్రంగా కడిగి తొక్క తీసుకునేదైతే భయం లేదు. బయట కోసి పెట్టినవి వద్దు, బీచ్ రోడ్డులో ముంత మసాలా, ఐసు కలిపిన చెరుకురసం, ఇవన్నీ వైద్యం అయ్యాక. తాటి ముంజెలు తినాలనిపిస్తే కాయలు ఇంటికి తెచ్చి కడిగి ఒలిచి పెట్టండి. నోటికి ఏదీ రుచించని రోజుల్లో నన్ను నిలబెట్టింది చోడి (రాగి) అంబలి, చల్లారాక మజ్జిగ, ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగేదాన్ని. అమ్మకి షుగర్ కాబట్టి ఎంత, ఎప్పుడు అన్నది అడిగి పెట్టండి.

నోరు పూస్తే గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు వేసి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించాలి, మింగకూడదు. మెత్తటి బ్రష్ వాడాలి, మంట పుట్టించే మౌత్‌వాష్‌లు వద్దు. వాంతుల బిళ్ళ వాంతి వచ్చాక కాదు, రాకముందే, రాసిచ్చిన టైముకే వేసుకోవాలి. వాటిలో ఆన్‌డాన్‌సెట్రాన్ మలబద్ధకం చేస్తుంది, నాకు వికారం కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది, కానీ సిగ్గుపడి చాలామంది ఆ మాట ఎత్తరు. అడిగితే దానికీ మందు ఇస్తారు.

ఇంకో సంగతి, ఇది ఎవరూ చెప్పరు. కొన్ని డోసులు అయ్యాక నాకు బస్సు కూర్మన్నపాలెం దాటేసరికే కడుపులో తిప్పడం మొదలయ్యేది, ఇంకా ఆసుపత్రి కూడా రాలేదు. పిచ్చి పట్టిందేమో అనుకున్నా. సిస్టర్‌కి చెబితే ఇది చాలామందికి వస్తుంది, ముందు వచ్చిన వాంతులని ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది అన్నారు, డాక్టర్ ముందురోజు రాత్రి వేసుకోవడానికి ఒక బిళ్ళ రాశారు, తగ్గింది. చెప్పకపోతే అది కూడా అలాగే భరించేదాన్ని.

మధురవాడ_బాబాయ్:

బాబూ, మా ఇంటి దగ్గర ఒకాయనకి బొప్పాయి ఆకు రసం, తిప్పతీగ కషాయం ఇస్తే కణాలు పెరిగాయి అన్నారు. ఇంగ్లీషు మందు వేడి చేస్తుంది కదా, దానికి విరుగుడుగా రోజూ పరగడుపున ఇచ్చి చూడండి. నష్టమైతే ఏమీ ఉండదు, ఆకే కదా.

డేకేర్_సిస్టర్:

బాబాయ్ గారూ, మీరు మంచి మనసుతో చెప్పారని తెలుసు, కానీ దీనికి నేను ఊరుకోలేను. పాక్లిటాక్సెల్‌ని శరీరంలోంచి బయటికి పంపేది కాలేయం. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న కేసుల్ని 2021లో ముంబై డాక్టర్లే ప్రచురించారు, వాళ్ళలో కొందరు ఆరోగ్యం కోసమని ఇంట్లో కాచుకుని తాగినవాళ్ళే. కాలేయం దెబ్బతింటే మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది, అప్పుడు తిమ్మిర్లు, తెల్లకణాలు పడిపోవడం, అన్నీ పెరుగుతాయి, రక్తపరీక్షలో లివర్ రిపోర్టు తేడా వస్తే ఆ వారం కీమో వాయిదా పడుతుంది. ఏ మందు ఆగిపోతుందన్న భయంతో అమ్మ తిమ్మిర్లని దాస్తోందో, ఆ మందే ఒక ఆకు రసం వల్ల ఆగిపోతుంది. తెల్లకణాలు నిజంగా తక్కువైతే వాటిని పెంచే ఇంజెక్షన్ ఉంది, ఫిల్‌గ్రాస్టిమ్ అంటారు, అది వేశాక ఒకటి రెండు రోజులు నడుము, తొడ ఎముకలు బాగా లాగుతాయి, అది మందు పనిచేస్తున్నప్పుడు వచ్చే నొప్పే, కంగారు పడక్కర్లేదు. ఆ నొప్పికి ఏ బిళ్ళ వేయాలో ముందే అడిగి ఉంచుకోండి.

కూరలో పసుపు వేసుకోండి, రసంలో మిరియాలు వేసుకోండి, తప్పు లేదు. మందులాగా మోతాదు పెంచి పరగడుపున పట్టించేది ఏదైనా ముందు డాక్టర్‌కి చెప్పాలి. ఇప్పటికే ఏదైనా ఇస్తున్నా దాచకండి, ఎవరూ కొట్టరు.

పెందుర్తి_అబ్బాయి:

అక్కా, సిస్టర్ గారూ, మీ ఇద్దరికీ దండం. మీరు రాసింది రాత్రి అమ్మ పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించాను. గాజువాక అక్క రాసిన "ఇంకా నేను ఇది కూడా చెప్పాలా" అన్న మాట దగ్గర ఏడ్చింది. తర్వాత తనే ఒక్కొక్కటి చెప్పడం మొదలుపెట్టింది, నేను రాసుకున్నాను. ఈ వారం ఆ కాగితం తీసుకుని వెళ్ళాం. డాక్టర్ కళ్ళు మూయించి వేళ్ళ మీద దూదితో తాకి చూశారు, నడిపించి చూశారు, డోసు తగ్గించారు, మళ్ళీ వచ్చే వారం చూసి ముందుకి వెళ్దాం అన్నారు. షుగర్ రీడింగులు చూసి ఆ మందు కూడా మార్చారు. మందు ఆపేస్తారా అని అమ్మే నోరు తెరిచి అడిగింది, "ఆపకుండా ఉండాలంటేనే మీరు నాకు చెప్పాలమ్మా" అన్నారాయన. ఆ మాట ఆయన నోటి నుంచి విన్నాక అమ్మ మొహంలో తేడా వచ్చింది.

కీమో అయ్యాక రేడియేషన్ ఉంటుందన్నారు. దానికి మళ్ళీ ఇలాగే వాంతులు, జుట్టు ఊడటం ఉంటుందా? ఇప్పుడిప్పుడే నెత్తి మీద నూగు వస్తోంది, అది పోతుందేమోనని అమ్మకి టెన్షన్.

నాన్న_కోసం_సీతమ్మధార:

తమ్ముడూ, నాన్నకి గొంతుకి రేడియేషన్ అయ్యింది, అమ్మకి అంతకుముందే రొమ్ముకి అయ్యింది, రెండూ దగ్గరుండి చూసుకున్నాను కాబట్టి రాస్తున్నా. రేడియేషన్ ఎక్కడ పడుతుందో ఇబ్బంది ముఖ్యంగా అక్కడే. రొమ్ముకి పెడితే తల జుట్టు పోదు, అమ్మతో ధైర్యంగా చెప్పండి. వాంతులు కూడా సాధారణంగా ఉండవు. ఉండేవి రెండు, నీరసం, చర్మం కందిపోవడం.

నీరసం నెమ్మదిగా పోగవుతుంది, మొదటివారం ఏమీ ఉండదు, రెండో మూడో వారం నుంచి మొదలై అయిపోయాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. పూర్తిగా పడుకోబెట్టేస్తే ఇంకా పెరుగుతుంది, ఇది చాలామంది నమ్మరు, కానీ రోజూ కాస్త నడిచేవాళ్ళకే నీరసం తక్కువ ఉంటుంది. మన విశాఖ ఉక్కపోతలో ఎండెక్కాక కాదు, తెల్లవారుజామున గానీ సాయంత్రం చల్లబడ్డాక గానీ వీధి చివరి దాకా నడిపించండి, కాళ్ళకి తిమ్మిర్లు ఉన్నాయి కాబట్టి పక్కన మనిషి ఉండాలి.

చర్మం ఎండలో తిరిగినట్టు ముందు ఎర్రబడుతుంది, తర్వాత నల్లబడుతుంది, చంక దగ్గర, రొమ్ము కింద మడతలో ఎక్కువ. చెమట పడితే ఇంకా మండుతుంది. వదులు నూలు జాకెట్టు వేయండి, గోరువెచ్చని నీళ్ళు పోసి రుద్దకుండా మెత్తగా అద్ది తుడవాలి. పసుపు, నలుగు, పౌడర్, కొబ్బరినూనె, సెంటు, ఏవీ మీ అంతట మీరు రాయకండి, వాళ్ళు ఏ క్రీమ్ చెబితే అదే. చర్మం మీద పెట్టే గుర్తులు ఉంటాయి, అవి చెరిగిపోతే ఇంట్లో మీరు పెన్నుతో దిద్దొద్దు, వాళ్ళకే చెప్పాలి. రేడియేషన్ అయ్యి ఇంటికొచ్చిన మనిషి దగ్గర పిల్లలు కూర్చోకూడదని మా బంధువులు అన్నారు, అది తప్పు, బయట నుంచి మెషిన్‌తో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు, మనవలని ఒళ్ళో కూర్చోబెట్టుకోనివ్వండి.

ఎరుపు, దురద వరకు మామూలే. చర్మం ఊడి నీరు కారినా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, చేయి బరువెక్కి వాచినా ఆ రోజే మెషిన్ దగ్గర ఉండే వాళ్ళకి చూపించండి. డాక్టర్ వారానికోసారి చూసే రోజు దాకా ఆగకండి, రోజూ వెళ్తూనే ఉంటారు కదా, అక్కడే అడగడం తేలిక.